విజిట్ వీసాపై గల్ఫ్‌కు.. గడువు దాటితే రోజుకో జరిమానా! పాలమూరు కూలీ లెక్క ఎక్కడ తప్పుతోంది?

50 దిర్హమ్‌లు. యూఏఈలో విజిట్ వీసా గడువు అయిపోయాక అక్కడే ఉంటే రోజుకు పడే జరిమానా ఇది. మన రూపాయల్లో చూస్తే దాదాపు 1,200. తెలంగాణలో 2025-26 సంవత్సరానికి ప్రకటించిన ఉపాధి హామీ కూలీ రోజుకు 307 రూపాయలు. అంటే నాగర్‌కర్నూల్ జిల్లా తిమ్మాజిపేటలో నాలుగు రోజులు మట్టి తవ్వి, తట్టలు మోస్తే వచ్చే డబ్బు.. దుబాయ్‌లో ఒక్క రోజు వీసా లేకుండా ఉన్నందుకు పోతుంది. ఆ రోజు పని దొరికిందా లేదా అన్నదాంతో సంబంధం లేదు. మీటర్ తిరుగుతూనే ఉంటుంది.

గల్ఫ్ అనగానే అందరికీ గుర్తొచ్చేది కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్. 'బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి' అన్న మాట పుట్టింది కూడా అటువైపే. పాలమూరు వలస కథ వేరు. ఇక్కడి కూలీ పాస్‌పోర్టుతో కాదు, గుంపు మేస్త్రీ వెంట వెళ్లాడు. నాగార్జునసాగర్ లాంటి ఆనకట్టల దగ్గర నుంచి ముంబై, పుణె, బెంగళూరు బిల్డింగుల దాకా 'పాలమూరు లేబర్' అన్న పేరు దేశమంతా తెలిసిందే. ముందు అడ్వాన్స్ తీసుకోవడం, ఆ అప్పు తీరేదాకా మేస్త్రీ ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికి పోవడం.. ఇదీ పద్ధతి.

ఇప్పుడు విదేశీ వలసలోనూ కనిపిస్తున్నది దాదాపు అదే పద్ధతి. కాకపోతే మేస్త్రీ స్థానంలో ఏజెంట్ వచ్చాడు. లారీ స్థానంలో విమానం వచ్చింది. అడ్వాన్స్ మాత్రం రివర్స్ అయింది. మేస్త్రీ కూలీకి డబ్బులిచ్చి తీసుకెళ్లేవాడు, ఏజెంట్ కూలీ దగ్గరే డబ్బులు తీసుకుని పంపిస్తాడు.

'ముందు విజిట్‌లో పో తమ్మీ..'

తిమ్మాజిపేట మండలం నుంచి ఒక కుర్రాడు దుబాయ్ బయల్దేరాడని అనుకుందాం. పదో తరగతి మధ్యలో ఆగిపోయింది. జడ్చర్ల వైపు వెళ్లి ఏ ఫ్యాక్టరీలోనో, గోదాంలోనో కొన్నాళ్లు పనిచేశాడు. శంషాబాద్ ఎయిర్‌పోర్టు ఎంతో దూరం లేదు, జడ్చర్ల మీదుగా హైవే ఎక్కితే రెండు గంటల్లో పోవచ్చు. వాట్సాప్‌లో ఒక పోస్టర్ వచ్చింది. హెల్పర్, ప్యాకింగ్, క్లీనింగ్ ఉద్యోగాలు, తిండి, రూమ్ ఫ్రీ అని ఉంది. ఫోన్ చేస్తే అవతలి నుంచి వినిపించే మాట ఊరు ఏదైనా, ఏజెంట్ ఎవరైనా ఒకటే.

"ముందు విజిట్‌లో పో తమ్మీ. ఆడికి పోయినంక కంపెనీవోళ్లే వీసా మారుస్తరు."

ఇందులో పూర్తిగా అబద్ధం లేదు. అసలు ఇబ్బంది కూడా అదే. యూఏఈలో విజిట్ వీసా మీద వెళ్లి ఇంటర్వ్యూలు ఇచ్చి, కంపెనీ ఒప్పుకుంటే చట్టబద్ధంగానే వర్క్ పర్మిట్‌కు మారినవాళ్లు ఉన్నారు. చదువుకుని, ఇంగ్లీష్ మాట్లాడగలిగి, అక్కడ ఉండటానికి చుట్టాల ఇల్లు, వెనక్కి రావడానికి టికెట్ డబ్బులు చేతిలో ఉన్నవాళ్లకు అది ఒక అవకాశం. కానీ ఒక్కరి నంబర్ తప్ప ఇంకేమీ తెలియని కుర్రాడికి అదే వీసా ఉచ్చు అవుతుంది. ఎందుకంటే యూఏఈ విజిట్ వీసాలు ఎక్కువగా 30 రోజులు, లేకపోతే 60 రోజులు. ఆ గడువులో కంపెనీ దొరకాలి, కోటా ఉండాలి, మెడికల్ అవ్వాలి, పర్మిట్ రావాలి. ఒక్కటి ఆగినా అంతే.

ఒకప్పుడు గడువు దగ్గరపడితే ఇరాన్‌కు చెందిన కిష్ ద్వీపానికి వెళ్లి, అక్కడ కొత్త వీసా వచ్చేదాకా పడిగాపులు కాసేవాళ్లు. తర్వాత ఎయిర్‌పోర్టు నుంచి ఎయిర్‌పోర్టుకు వెళ్లి వచ్చి వీసా మార్చుకోవడం మొదలైంది. దీనికీ డబ్బులు కావాలి. మొదటి వీసాకే అప్పు చేసినవాడు రెండో వీసాకు ఎక్కడి నుంచి తెస్తాడు? చాలామంది దగ్గర కథ మలుపు తిరిగేది ఇక్కడే. "ఇంకో పది రోజులు చూద్దాం" అనుకుంటారు. పది రోజులు నెలవుతుంది. నెల ఆరు నెలలవుతుంది.

ఆరు నెలలంటే 180 రోజులు. రోజుకు 50 చొప్పున 9,000 దిర్హమ్‌లు. రూపాయల్లో 2 లక్షల పైమాటే. హెల్పర్, క్లీనర్ లాంటి పనులకు అక్కడ నెల జీతం వెయ్యి దిర్హమ్‌లకు అటూఇటూగా ఉంటుంది. నెల జరిమానా 1,500. అంటే జీతం మొత్తం తీసి కట్టినా ఫైన్ తీరదు.. ఇంటికి పంపేది సున్నా.

ఇటు ఊళ్లో మీటర్ ఇంకోటి నడుస్తుంటుంది. లక్షన్నర అప్పు తెచ్చి, నూటికి మూడు రూపాయల మిత్తి అయితే నెలకు 4,500. ఏడాదికి 54 వేలు. మిత్తి మాత్రమే ఇది, అసలు అలాగే ఉంటుంది.

అసలు విజిట్ వీసానే ఎందుకు?

దీనికి సమాధానం మన చట్టంలోనే ఉంది. 1983 నాటి ఎమిగ్రేషన్ యాక్ట్ ప్రకారం పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ కేటగిరీలోకి వస్తుంది. ఇలాంటివాళ్లు 18 దేశాలకు, అంటే గల్ఫ్ దేశాలతో పాటు మలేషియా, ఇరాక్ లాంటి చోట్లకు పనికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ నుంచి క్లియరెన్స్ తప్పనిసరి. ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో కంపెనీ వివరాలు, జీతం, కాంట్రాక్టు అన్నీ నమోదవ్వాలి. ప్రవాసీ భారతీయ బీమా యోజన తీసుకోవాలి. రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియం, ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత అంగవైకల్యం వచ్చినా 10 లక్షల బీమా. రిజిస్టర్డ్ ఏజెంట్ వసూలు చేయాల్సిన సర్వీస్ ఛార్జీ 30 వేల రూపాయలకు మించకూడదు, జీఎస్టీ అదనం.

ఇవన్నీ వర్క్ వీసాకు. టూరిస్టుకు కాదు.

టూరిస్టుకు క్లియరెన్స్ అక్కర్లేదు. కాంట్రాక్టు ఉండదు. బీమా ఉండదు. ఏజెంట్ ఎంత తీసుకున్నాడో రాసి పెట్టుకునే కాగితం కూడా ఉండదు. ప్రభుత్వ రికార్డుల్లో ఆ కుర్రాడు బుర్జ్ ఖలీఫా చూడటానికి వెళ్లిన పర్యాటకుడు, అంతే. ఏజెంట్‌కు ఇంతకన్నా మంచి వీసా ఇంకేముంటుంది? కూలీని కాపాడటానికి పెట్టిన నిబంధనలన్నీ ఒక్క 'విజిట్' అన్న మాటతో పక్కకు పోతున్నాయి. ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ అధికారులు అనుమానంతో ఆపితే ఏం చెప్పాలో కూడా ముందే నేర్పి పంపిస్తారు. హోటల్ బుకింగ్ చూపించు, రిటర్న్ టికెట్ చూపించు, బావ దగ్గరకు పోతున్నానని చెప్పు.. ఇలా. ఏజెంట్ల భాషలో ఇలా దాటించడాన్ని 'పుషింగ్' అంటారు.

ఆ హోటల్ బుకింగ్ విమానం ఎక్కేలోపే క్యాన్సిల్ అవుతుంది. ఇది అక్కడి అధికారులకు తెలియనిదేమీ కాదు. 2024 చివరలో దుబాయ్ విజిట్ వీసాలకు హోటల్ బుకింగ్, రిటర్న్ టికెట్ కాగితాలను దరఖాస్తు దశలోనే గట్టిగా అడగడం మొదలుపెట్టింది కూడా అందుకే.

ఆడవాళ్ల విషయంలో ఇదే దారి ఇంకా ప్రమాదకరం. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న మహిళ ఇంటిపనికి ఈ దేశాలకు వెళ్లాలంటే కనీసం 30 ఏళ్లు ఉండాలని భారత ప్రభుత్వ నిబంధన. ఉద్దేశం రక్షణే. కానీ 25 ఏళ్ల మహిళ వెళ్లాలనుకుంటే ఏజెంట్ చూపించేది మళ్లీ విజిట్ వీసానే. కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన మహిళలను ముందు దుబాయ్‌లో దించి, అక్కడి నుంచి ఒమన్ లాంటి దేశాలకు తరలించిన కేసులు చాలాసార్లు బయటపడ్డాయి. ఇంటి నాలుగు గోడల మధ్య పని కాబట్టి వీసా గడువు అయిపోయిన సంగతి ఆమెకు తెలిసేసరికే ఆలస్యమైపోతుంది. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంటుంది కదా!

ఖల్లివెల్లి బతుకు

గల్ఫ్‌లో ఉన్న తెలుగువాళ్లను అడిగితే ఒక మాట చెబుతారు. ఖల్లివెల్లి. 'పోతే పోనీ' అన్న అర్థంలో అరబ్బులు వాడే మాట అది. మనవాళ్ల నోట్లో అది వీసా లేకుండా, అకామా లేకుండా దొంగచాటుగా బతుకుతున్న మనిషికి పేరైపోయింది. "వాడు ఖల్లివెల్లి అయ్యిండు" అంటే ఇక అతనికి అక్కడ కాగితం మీద ఉనికి లేనట్టే.

ఖల్లివెల్లి కార్మికుడికి పని దొరకదని కాదు. దొరుకుతుంది. తక్కువ కూలీకి, ఎక్కువ గంటలకు. ఇవ్వకపోతే అడగలేడు, ఎందుకంటే లేబర్ కోర్టుకు వెళ్తే మొదట పట్టుబడేది తనే. జ్వరం వస్తే ఆస్పత్రికి వెళ్లాలన్నా భయమే, ఐడీ అడుగుతారు. బస్సు ఎక్కాలన్నా, రోడ్డు మీద పోలీస్ కనిపించినా గుండె ఆగినంత పని.

ఇక్కడో విషయం చెప్పుకోవాలి. గడువు దాటిన కార్మికుడిని నేరస్తుడిలా చూడటం మనకు అలవాటైపోయింది. కానీ అతన్ని పనిలో పెట్టుకున్నవాడి సంగతేంటి? వీసా లేని కార్మికుడు ఉన్నాడంటే, వీసా లేని కార్మికుడు కావాల్సిన కాంట్రాక్టరూ ఉన్నట్టే. యూఏఈ ఈ విషయం గుర్తించింది. 2024లో చట్టం సవరించి, పర్మిట్ లేకుండా కార్మికులను పనిలో పెట్టుకునే యజమానులకు జరిమానాను పెంచి, కనీసం లక్ష, గరిష్ఠంగా 10 లక్షల దిర్హమ్‌లు చేసింది. విజిట్ వీసా మీద పిలిపించి, పని చేయించుకుని, రెండు నెలల తర్వాత జీతం ఇవ్వకుండా బయటకు నెట్టేసే పద్ధతికి చెక్ పెట్టడమే లక్ష్యం.

క్షమాభిక్ష వస్తుంది.. కానీ అందరూ ఎందుకు బయటకు రారు?

కొన్నేళ్లకోసారి గల్ఫ్ దేశాలు ఆమ్నెస్టీ ప్రకటిస్తాయి. యూఏఈ 2007లో ఇచ్చింది. 2018లో ఆగస్టు నుంచి డిసెంబర్ దాకా ఇచ్చింది. మళ్లీ 2024లో సెప్టెంబర్ 1న మొదలుపెట్టి అక్టోబర్ 31 దాకా అని చెప్పి, తర్వాత డిసెంబర్ 31 వరకు పొడిగించింది. విజిట్ వీసా గడువు దాటినవాళ్లకు కూడా ఇందులో అవకాశం ఇచ్చారు. జరిమానా మాఫీ. మళ్లీ రాకుండా నిషేధం కూడా లేదు. ఉద్యోగం దొరికితే అక్కడే కాగితాలు సరిచేసుకోవచ్చు. కువైట్ 2018లో, 2020లో, 2024లో ఇలాగే గడువులు ఇచ్చింది. సౌదీ 2013లో నితాఖత్ సమయంలోనూ, 2017లోనూ ఇచ్చింది.

వినడానికి సులువుగానే ఉంటుంది. వెళ్లి పేరు ఇవ్వడం, ఇంటికి రావడం. కానీ కొందరు అప్పుడు కూడా బయటకు రారు.

పాస్‌పోర్టు లేనివాడు మొదట కాన్సులేట్‌కు వెళ్లి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ తీసుకోవాలి. మనవాళ్లు 'ఔట్ పాస్' అంటారు. దానికి తను భారతీయుడినే అని రుజువు చేసుకోవాలి, ఊరి నుంచి ఆధార్, పాత పాస్‌పోర్టు కాపీ తెప్పించుకోవాలి. పాత యజమాని 'పారిపోయాడు' అని కేసు పెట్టి ఉంటే అదొకటి తేలాలి. టికెట్ డబ్బులు చూసుకోవాలి. ఇవన్నీ చేయొచ్చు.. సాయం చేసే తెలుగు సంఘాలు, సామాజిక కార్యకర్తలు కూడా ఉన్నారు. అసలు అడ్డం అప్పు. ఖాళీ చేతులతో ఊళ్లో బస్సు దిగితే మరుసటి రోజు పొద్దున్నే గుమ్మం ముందు ఎవరు నిల్చుంటారో అతనికి తెలుసు. జరిమానా మాఫీ చేయడం యూఏఈ చేతుల్లో ఉంది, ఊళ్లో మిత్తి మాఫీ చేయడం దాని చేతుల్లో లేదు.

అందుకే క్షమాభిక్ష గడువులో "ఇంకో నెల పనిచేసి పోదాం" అనుకున్నవాళ్లు గడువు అయిపోయాక తనిఖీల్లో దొరికిపోతుంటారు. అప్పుడు జైలు, జరిమానా, నిషేధం అన్నీ ఒకేసారి.

కువైట్ అయితే 2025 జనవరి నుంచి ఇంకా గట్టిగా బిగించింది. విజిట్ వీసా గడువు దాటితే రోజుకు 10 దినార్లు, గరిష్ఠంగా 2,000 దినార్లు. రూపాయల్లో చూస్తే ఐదున్నర లక్షల పైనే. కువైట్‌లో ఇంతకుముందు రోజుకు 2 దినార్లు, మొత్తం 600 దినార్లు దాటేది కాదు. అంటే రోజువారీ ఫైన్ ఐదింతలైంది. అప్పటి లెక్క మనసులో పెట్టుకుని "ఎంతైతే అంతైంది, చివర్లో కట్టేసి పోదాం" అనుకునేవాళ్లు ఈ మార్పు గమనించాలి.

ఇరాక్ కథ వేరే. 2018-19 ప్రాంతంలో ఎర్బిల్‌లో చిక్కుకున్న ఉత్తర తెలంగాణ కార్మికుల వార్తలు వరుసగా వచ్చాయి. ఏజెంట్లు విజిట్ వీసా మీద పంపించారు, అక్కడ అకామా రాలేదు, జరిమానా పెరిగిపోయి బయటకు రాలేని పరిస్థితి. దేశం మారింది, కానీ కథలో మిగతా ఏ లైనూ మారలేదు.

తూర్పు దారి: టూరిస్టుగా వెళ్లి.. కాల్ సెంటర్‌లో బందీగా

గత మూడు నాలుగేళ్లలో ఇంకో దారి తెరుచుకుంది. గల్ఫ్ దారిలో చిక్కుకునేది ఎక్కువగా చదువు ఆగిపోయిన కూలీ. ఈ దారిలో చిక్కుకునేది ఇంటర్, డిగ్రీ, ఇంజినీరింగ్ చదివిన కుర్రాళ్లు. థాయ్‌లాండ్‌లో డేటా ఎంట్రీ, కంబోడియాలో కంప్యూటర్ ఆపరేటర్, జీతం డాలర్లలో.. అని టెలిగ్రామ్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో కనిపించే యాడ్స్.

థాయ్‌లాండ్ 2023 నవంబర్ నుంచి భారతీయులకు వీసా లేకుండా 30 రోజుల ప్రవేశం ఇచ్చింది. 2024 జులైలో దాన్ని 60 రోజులు చేసింది. పర్యాటకులకు మంచి వార్తే. ముఠాలకు ఇంకా మంచి వార్త. బ్యాంకాక్‌లో దిగిన కుర్రాడిని కారులో సరిహద్దు పట్టణం మే సోట్‌కు, అక్కడి నుంచి నది దాటించి మయన్మార్‌లోని మ్యావడీకి తరలిస్తారు. లేదంటే కంబోడియాకు. పాస్‌పోర్టు లాక్కుంటారు. ఆ తర్వాత పని ఏంటంటే, మన దేశంలోనే ఉన్నవాళ్లకు ఫోన్ చేసి, మెసేజ్ పెట్టి మోసం చేయడం.

2024 మేలో విశాఖపట్నం పోలీసులు కంబోడియా ముఠా గుట్టు విప్పినప్పుడు ఈ సంగతి తెలుగు రాష్ట్రాల్లో అందరికీ తెలిసింది. 2025 మార్చిలో వైమానిక దళ విమానాల్లో మయన్మార్ నుంచి 500 మందికి పైగా భారతీయులను వెనక్కి తీసుకొచ్చారు. అందులో తెలుగువాళ్లూ ఉన్నారు. 2025 నవంబర్‌లో మయన్మార్‌లో దాడులు జరిగాక పారిపోయి మే సోట్ చేరిన భారతీయుల కోసం మళ్లీ విమానాలు వెళ్లాయి.

ఒక అంకె మాత్రం ఆగి చూడాల్సిందే. బ్యూరో ఆఫ్ ఇమిగ్రేషన్ లెక్కల ప్రకారం 2022 జనవరి నుంచి 2024 మే మధ్య విజిటర్ వీసాలపై కంబోడియా, థాయ్‌లాండ్, మయన్మార్, వియత్నాం దేశాలకు వెళ్లిన 73,138 మందిలో 29,466 మంది అప్పటికి తిరిగి రాలేదు. అంటే ప్రతి ఐదుగురిలో ఇద్దరు! అందరూ బందీలు అని కాదు. కొందరు వేరే దేశానికి వెళ్లి ఉండొచ్చు, కొందరు ఉద్యోగంలో స్థిరపడి ఉండొచ్చు. కానీ బీచ్ చూడటానికి వెళ్లిన టూరిస్టుల్లో ఇంతమంది ఇంటికి రాకపోవడం ఎక్కడా జరగదు.

ఇంకో చిక్కు ఉంది. ఆ ముఠా నుంచి తప్పించుకుని థాయ్‌లాండ్ పోలీసుల దగ్గరకు చేరినా, అక్కడి రికార్డులో అతను గడువు దాటిన విదేశీయుడే, లేదంటే అక్రమంగా సరిహద్దు దాటినవాడు. థాయ్‌లాండ్‌లో ఓవర్‌స్టే ఫైన్ రోజుకు 500 బాట్, గరిష్ఠం 20,000 బాట్. దొరికిపోతే ఏళ్ల తరబడి మళ్లీ రాకుండా నిషేధం. బాధితుడా, నిందితుడా తేలేదాకా డిటెన్షన్ సెంటర్లో ఉండాలి. ఊరికి తిరిగొచ్చాక కూడా సైబర్ క్రైమ్ పోలీసుల ప్రశ్నలు తప్పవు.

ప్రపంచం అంతా ఇదే కథ

గడువు దాటిన టూరిస్టుల సమస్య గల్ఫ్‌దో, థాయ్‌లాండ్‌దో మాత్రమే కాదు. కరీబియన్ దీవుల్లో ట్రినిడాడ్ అండ్ టొబాగో ఇదే సమస్యతో ఏళ్లుగా సతమతమవుతోంది. పక్కనే ఉన్న వెనిజులాలో ఆర్థిక వ్యవస్థ కుప్పకూలడంతో వేలమంది ఈ చిన్న దేశానికి వచ్చి, ఇచ్చిన గడువు దాటి ఉండిపోయారు. 2019లో ఆ ప్రభుత్వం రెండు వారాల పాటు రిజిస్ట్రేషన్ పెడితే 16,523 మంది వెనిజులా వాసులు పేర్లు ఇచ్చారు. వాళ్లను పట్టుకుని పంపించేయడానికి బదులు తాత్కాలికంగా పని చేసుకునే హక్కు ఇచ్చింది. అదే సమయంలో కొత్తగా వచ్చేవాళ్లకు వీసా తప్పనిసరి చేసింది. తలుపు సగం మూసి, లోపల ఉన్నవాళ్లకు కార్డు ఇవ్వడం అన్నమాట. ఆమ్నెస్టీ అంటే ఇంటికి పంపించడం ఒక్కటే కాదని చెప్పడానికి ఇదో ఉదాహరణ.

అదే ట్రినిడాడ్‌కు 1845లో 'ఫతేల్ రజాక్' ఓడలో మొదటి భారతీయ కూలీలు వెళ్లారు. తర్వాతి రోజుల్లో మద్రాసు రేవు నుంచి కరీబియన్‌కు వెళ్లిన ఓడల్లో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ వలస ఎంత దారుణమైనదో చరిత్ర చెబుతూనే ఉంది. అయినా ఒక మాట.. ఐదేళ్ల 'గిర్మిట్' కాగితం అయినా వాళ్ల పేరు మీద ఉండేది. ఈ రోజు విజిట్ వీసా మీద వెళ్తున్న కూలీ పేరు మీద ఆ కాగితం కూడా లేదు.

2023 డిసెంబర్‌లో యూఏఈలోని ఫుజైరా నుంచి నికరాగువా వెళ్తున్న విమానాన్ని ఫ్రాన్స్‌లోని వాట్రీ ఎయిర్‌పోర్టులో ఆపేశారు, గుర్తుండే ఉంటుంది. 303 మంది భారతీయులు ఉన్న ఆ విమానం చివరకు 276 మందితో ముంబై చేరింది. నికరాగువా చూడటానికి అంతమంది చార్టర్డ్ ఫ్లైట్‌లో ఎందుకు వెళ్తారు? అక్కడి నుంచి అమెరికా సరిహద్దు వైపు వెళ్లే దారి ఉంది కాబట్టి.

చట్టం చేతిలో ఏముంది?

రిజిస్ట్రేషన్ లేకుండా విదేశాలకు మనుషులను పంపడం ఎమిగ్రేషన్ యాక్ట్ ప్రకారం నేరం. శిక్ష ఏంటో తెలుసా? రెండేళ్ల దాకా జైలు, రెండు వేల రూపాయల దాకా జరిమానా. 1983లో రాసిన అంకె అది. ఒక్కొక్కరి దగ్గర లక్షల్లో వసూలు చేసే ఏజెంట్‌కు రెండు వేల జరిమానా! అందుకే పోలీసులు మోసం కింద భారతీయ న్యాయ సంహిత సెక్షన్లు కూడా జోడిస్తారు. అయితే డబ్బు నగదుగా ఇచ్చి, మాట మాత్రమే సాక్ష్యంగా ఉన్న కేసు కోర్టులో నిలబడటం అంత తేలిక కాదు.

ఈ పాత చట్టం స్థానంలో కొత్త ఓవర్సీస్ మొబిలిటీ బిల్లు ముసాయిదాను విదేశాంగ శాఖ 2025 అక్టోబర్‌లో జనం ముందు పెట్టింది. చట్టం మారినా, 'విజిట్' దారిని మూయకపోతే ఏజెంట్‌కు పెద్దగా ఇబ్బంది ఉండదు. ప్రతి టూరిస్టునూ అనుమానించి ఆపడం కుదరదు, అది ప్రయాణించే హక్కుకే అడ్డం. ఆపాల్సింది పోస్టర్ వేసినవాడిని, డబ్బు తీసుకున్నవాడిని. వాడు ఎయిర్‌పోర్టులో కాదు, ఊళ్లోనో, మండల కేంద్రంలోనో, ఫోన్‌లోనో ఉంటాడు.

తెలంగాణ ప్రభుత్వం 2024లో గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ప్రకటించింది. అదే ఏడాది హైదరాబాద్ ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి మొదలైంది. గల్ఫ్ సంఘాలు ఏళ్లుగా అడిగినవే ఇవి. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా విదేశీ ఉద్యోగాలకు నేరుగా ఎంపికలు చేస్తోంది. కానీ వీటన్నిటి గురించి జగిత్యాలలో తెలిసినంతగా తిమ్మాజిపేటలో తెలుసా అన్నదే ప్రశ్న. ఉత్తర తెలంగాణలో ప్రతి ఊళ్లో గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లు ఉంటారు. "ఆ ఏజెంట్ మంచోడు కాదు" అని చెప్పే మామ, బావ ఎవరో ఒకరు దొరుకుతారు. పాలమూరులో ఆ అనుభవం ముంబై, పుణెల గురించి ఉంది, దుబాయ్ గురించి అంతగా లేదు. కొత్త ప్రాంతాలు ఏజెంట్లకు సులువుగా దొరికేది ఇందుకే.

ఇంకో విచిత్రం. 2025 ఫిబ్రవరి 22న ఇదే నాగర్‌కర్నూల్ జిల్లాలో ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకున్నారు. వాళ్లు జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకశ్మీర్ నుంచి వచ్చినవాళ్లు. దేశమంతా ఆనకట్టలు కట్టిన పాలమూరులో సొరంగం తవ్వడానికి మనుషులు ఇంకెక్కడి నుంచో వచ్చారు.

వెళ్లే ముందు, ఇరుక్కున్న తర్వాత

ఏజెంట్ రిజిస్టర్ అయ్యాడో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో పేరు కొడితే తెలిసిపోతుంది. లైసెన్స్ నంబర్ చెప్పమంటే తడబడేవాడు, "అవన్నీ నీకెందుకు తమ్మీ" అనేవాడు రిజిస్టర్డ్ ఏజెంట్ కాదనే అనుకోవచ్చు. పేపర్ మీద జాబ్ ఆఫర్ ఉండి, వీసా మీద మాత్రం 'టూరిస్ట్' అని ఉంటే ఆ రెండిట్లో ఇమిగ్రేషన్ వాళ్లు నమ్మేది వీసానే. ఇచ్చే డబ్బు ఎంతైనా ఫోన్‌పే, బ్యాంకు ద్వారా ఇస్తే రేపు స్టేషన్‌కు వెళ్లినప్పుడు కనీసం చూపించడానికి ఒకటి ఉంటుంది.

ఇప్పటికే వెళ్లి గడువు దాటినవాళ్లు ఉంటే, కుటుంబసభ్యులు మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. ప్రవాసీ ప్రజావాణిలో దరఖాస్తు ఇవ్వొచ్చు. మన ఎంబసీల దగ్గర ఉండే కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ నుంచి టికెట్, న్యాయసాయం, కొన్ని సందర్భాల్లో చిన్న జరిమానాలకు కూడా సాయం అందుతుంది. విజిట్ వీసా మీద వెళ్లినవాళ్లు అడగకూడదన్న రూలేమీ లేదు. పాస్‌పోర్టు కాపీ, వీసా కాపీ, విమానం టికెట్.. ఈ మూడూ వెళ్లే ముందే ఇంట్లో ఒకరి ఫోన్‌లో ఉంటే ఔట్ పాస్ పని చాలా తేలికవుతుంది. ఎందుకంటే మనిషి ఎక్కడ ఉన్నాడో తెలిసినా, అతని పాస్‌పోర్టు నంబర్ తెలియక రోజుల తరబడి ఆగిపోయే కేసులు ఉంటాయి. అక్కడ ఆగిన ప్రతి రోజూ మళ్లీ 50 దిర్హమ్‌లే.